అవ్వను మోసిన వీరుడు

కుట్టు షెడ్డు నుంచి,
వానలు మొదలైన వారం.

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. అందులో సగానికి పైగా ఆ పాలిష్ మాస్టారిని తిట్టడానికే సరిపోయింది. చివర్లో కాగితం మిగిలిందని కాబోలు, నా ఆరోగ్యం అడిగావు. సంతోషం.

నేను బాగానే ఉన్నాను. షెడ్డులో పని తెరిపి లేకుండా ఉంది. కోట్లు అయితే ప్యాంట్లు, ప్యాంట్లు అయితే మళ్ళీ కోట్లు. యుద్ధం ఎలా నడుస్తోందో పేపర్లో చదివి నువ్వు తెలుసుకుంటావేమో గాని, నాకు సైజుల్లో తెలుస్తుంది. ఈమధ్య చిన్న సైజులు ఎక్కువగా అడుగుతున్నారు. కొన్ని కోట్లకు చేతులు కుడుతుంటే, ఇది తొడుక్కునేవాడికి జోల పాడి పంపాలేమో అనిపిస్తోంది.

చిన్నోడి సంగతి అడిగావు. పిలుపు కాగితం వచ్చిన మర్నాడే వాడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో నాకు తెలియదు. భర్తీ ఆఫీసులో ఇదే రాసిచ్చాను, నీకూ ఇదే రాస్తున్నాను. పెద్దోడు పోయినప్పుడు సైన్యం వాళ్ళు వాడి బూట్లని చెప్పి ఒక జత పంపారు చూడు, అవి వాడివి కావు. ఒక సైజు పెద్దవి. అయినా దాచుకున్నాను. ఎవరో ఒక తల్లి కొడుకువే కదా.

ఇక్కడ కొత్త విశేషం ఒక్కటే. షెడ్డులో కొత్త పిల్ల చేరింది. మా ఆయన వైపు దూరపు చుట్టం. పాపం, మాట రాదు. మనిషి కాస్త పొడుగు. మా అందరిలాగే నీలం కోటు, తలకు గుడ్డ. గుండీ కుట్టిందంటే కత్తెరతో కోసినా రాదు. మిగతా పిల్లలు ‘ఇది గుండీ కాదే, మేకు’ అని నవ్వుతారు.

మందులు మానకు.
నీ చెల్లెలు.

*

మూడో అంతస్తు గది నుంచి,
ముసురు.

చెల్లెమ్మకు,

మందులు మానలేదు. తిట్లూ మానలేదు. రెంటిలో దేనివల్ల బతుకుతున్నానో డాక్టరుకే తెలియదు.

బొమ్మలకు పాలిష్ పట్టడం తప్ప ఇంకేమీ రాని మన పాలిష్ కొత్త ఘనకార్యం విను. యుద్ధ కార్యాలయం వాళ్ళు ఒక ప్రదర్శన పెడుతున్నారు. చిత్రకారులందరూ గ్రీకు పురాణంలోంచి ఒక కథ తీసుకుని అందులో ఈనాటి యుద్ధాన్ని చూపించాలట. మన కథలు ముట్టుకుంటే ఎవరో ఒకరు తగువుకొస్తారు. చచ్చిపోయిన దేవుళ్ళ తరఫున దెబ్బలాడేవాళ్ళు ఉండరు కదా! ఎంపిక కమిటీకి అధ్యక్షుడు ఎవరంటావు? ఇంకెవరు! మాతో పాటు చిత్రకళ చదువుకునే రోజుల్లో చెయ్యి గీయడం చేతకాక, మనుషులందరినీ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డట్టు గీసినవాడు. వాడు ఇప్పుడు వీరుల చేతుల్లో బల్లేలు పెడుతున్నాడు.

వాడి పోస్టరు ఊరంతా అంటించారు. మడమ తప్ప ఒళ్ళంతా ఇనుములా ఉండే ఆ గ్రీకు వీరుడు ట్యాంకు మీద నిలబడి కండలు చూపిస్తున్నాడు. పేరు రాయను. పేరుతోనే పోస్టర్లు పుడతాయి. కానీ చదువుకోని వెధవకు తెలియని సంగతి ఒకటుంది. ఆ వీరుడు యుద్ధానికి ఉరకలేసుకుంటూ ఏమీ వెళ్ళలేదు. వెళ్తే తిరిగి రాడని తల్లికి ముందే తెలుసు. అందుకని కొడుక్కి ఆడపిల్ల బట్టలు కట్టి, ఒక రాజుగారి కూతుళ్ళ మధ్య దాచిపెట్టింది. జిత్తులమారి రాజు ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆడపిల్లల ముందు అద్దాలు, దండలు పరిచి మధ్యలో ఒక కత్తి పెట్టాడు. ఉన్నట్టుండి బయట బూర ఊదించాడు, శత్రువులు వచ్చిపడ్డట్టు. ఆడపిల్లలు పరిగెత్తారు. ఒక ‘పిల్ల’ మాత్రం కత్తి అందుకుంది. అంతే, పట్టుకుపోయారు.

నేను దీన్నే గీస్తాను. ఆ పాలిష్ మొహం మీద కొట్టినట్టు గీస్తాను.

మీ కొత్త పిల్ల గుండీల సంగతి చదివి నవ్వుకున్నాను. మన అమ్మ కుట్టినా అంతే కదా, బట్ట చిరగాలే గాని గుండీ ఊడేది కాదు. ఆ చెయ్యి మన ఇంటిదే.

అన్నయ్య.

*

కుట్టు షెడ్డు నుంచి,
లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

అన్నయ్యా,

నీకు బుద్ధుందా? ఇన్ని పుస్తకాలు చదివావు, పోస్టులో వచ్చే ఉత్తరాలు ముందు ఇంకెవరో చదువుతారని ఏ పుస్తకంలోనూ లేదా? నీ ఉత్తరం కవరు తడిపి తెరిచి మళ్ళీ అంటించారు. చదివినవాడికి గ్రీకు కథలు రాకపోవడం నా అదృష్టం. ఇకమీదట అసలు సంగతులు ఈ డ్రైవరు చేతే పంపు. బట్టల మూటలు వేసుకుని రాజధానికి వస్తుంటాడు. మనిషి మంచివాడే గాని, మూటలు తయారైతేనే బయల్దేరతాడు.

అవును. వాడే.

రాసేశాను. ఎవరికీ చెప్పుకోలేక గుండె బరువెక్కిపోయింది. పగలంతా మిషన్ల మధ్య తల వంచుకుని కూర్చుంటాడు. గొంతు విప్పితే దొరికిపోతాడని మూగపిల్లను చేశాను. షెడ్డులో పిల్లలకు తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసినా తెలియనట్టు ఉన్నారేమో. బయట జీపు చప్పుడైతే చాలు, నా సూది వేలిలో దిగుతుంది.

వాడి గురించి ఒక్క మాట చెప్పనీ. విమానాలొస్తున్నాయని సైరన్ మోగగానే అందరం నేలమాళిగలోకి దిగాలి. మా ఇస్త్రీ అవ్వ నీకు తెలుసుగా, నువ్వు వచ్చినప్పుడు నీ చొక్కా చూసి ‘దీన్ని ఇస్త్రీ చెయ్యడం కన్నా పాతిపెట్టడం మర్యాద’ అన్నావిడ. ఆవిడకు మోకాళ్ళు పూర్తిగా పోయాయి. భారీ మనిషి. ఇద్దరు ఆడపిల్లలు పట్టినా లేవదు. మొదటిసారి సైరన్ మోగినప్పుడు మేమంతా పరిగెత్తి కిందికి పోయాం. చూస్తే వీడు లేడు. నా ప్రాణం పోయిందనుకో. తీరా చూద్దును కదా, అవ్వను మూటలా వీపున వేసుకుని మెట్లు దిగుతున్నాడు. అవ్వ పైనుంచి కేకలు: ‘మెల్లిగా దింపవే గుర్రప్పిల్లా, నేను కోటును కాను!’ అప్పట్నుంచి సైరన్ మోగితే అవ్వ చేతులు చాచుకుని కూర్చుంటుంది. వీడు వెళ్ళి ఎత్తుకుంటాడు.

ఎవడు కన్నాడన్నయ్యా ఇలాంటి బిడ్డను? నేనే కన్నాను. అందుకే చెబుతున్నా, ఆ బొమ్మ గీయకు. పాలిష్ మొహాన కొట్టడానికి నీకు వేరే రాయి దొరకదా? నా పిల్లాడే కావాలా?

చెల్లెలు.

*

మూడో అంతస్తు గది నుంచి,
డ్రైవరు కింద హారన్ కొడుతున్నాడు.

చెల్లెమ్మా,

నీ భయం అర్థమైంది. పుస్తకాల పురుగునే గాని తెలివితక్కువ పురుగును కాను. వాడిలో మన మేనమామ పోలిక వచ్చినందుకు గర్వపడుతున్నానని చెప్పు. ఆయన కూడా ఎవరినో ఒకరిని ఎత్తుకోకుండా ఇంటికొచ్చేవాడు కాదు, తాగినవాళ్ళనే అయినా.

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. భయంతో కాదు. నా బొమ్మలో లోటేమిటో అప్పుడు తెలిసింది. పురాణంలో వాడు కత్తి అందుకున్నాడు. పాలిష్ లాంటివాళ్ళు ఇన్ని వందల ఏళ్ళుగా ఆ కత్తినే గీస్తున్నారు. నేను మార్చేశాను. విను.

పొడుగాటి టేబుల్. పైన ఇరుకు కిటికీలు. కోట్ల గుట్టలు. గుమ్మంలో యూనిఫారం వేసుకున్న జిత్తులమారి రాజు, చేతిలో సంచి. సంచిలోంచి నేలమీద పడ్డ రిబ్బన్లు, అద్దాలు, వాటి మధ్య ఒక తుపాకి. సైరన్ మోగింది, అది ఆడపిల్లల బిగిసిన మెడల్లో కనిపిస్తుంది. అందరూ మెట్ల వైపు ఉరుకుతున్నారు. ఒక్కడు మాత్రం ఎదురు నడుస్తున్నాడు. తుపాకిని దాటుకుని వెళ్ళి ముసలామెను వీపున వేసుకుంటున్నాడు. నా జన్మలో ఇంత మంచి బొమ్మ గీయలేదు. నన్ను ‘వ్యంగ్య చిత్రాల ముసలాడు’ అన్న ప్రతి వెధవనూ వరసగా నిలబెట్టి చూపించాలనిపిస్తోంది.

నువ్వు కంగారు పడకు. వాడి ముఖం కనిపించదు. అవ్వ చెయ్యి అడ్డం వచ్చింది. బొమ్మ ప్రస్తుతం నా గోడకు ఆనించి ఉంది.

అన్నయ్య.

*

కుట్టు షెడ్డు నుంచి,
డ్రైవరు చేత.

అన్నయ్యా,

‘ప్రస్తుతం’ అన్నావు. చిన్నప్పట్నుంచీ నీ సంగతి నాకు తెలుసు. అమ్మ నిన్ను లడ్డూలు తిన్నావా అని అడిగితే ‘ప్రస్తుతం తినడం లేదు’ అనేవాడివి. ఆ బొమ్మ చింపెయ్. చింపానని రాయి. వట్టి మాట కాదు, ముక్క ఒకటి కవరులో పెట్టి పంపు.

నిన్న భర్తీ ఆఫీసు నుంచి ఒకడు వచ్చాడు. మిషన్లు ఎన్ని పనిచేస్తున్నాయో చూడాలన్నాడు. షెడ్డంతా తిరిగాడు. మంచినీళ్ళు అడిగాడు. తాగుతూ వంగి బల్ల కిందికి చూశాడు.

“ఈ బూట్లు ఎవరివమ్మా?”

చిన్నోడు వానకు పెద్దోడి బూట్లు వేసుకొచ్చి బల్ల కింద విడిచిపెట్టాడు.

“మీరు పంపినవే బాబూ,” అన్నాను. “నా పెద్దకొడుకు పోయాక పంపారు. పని చేసుకుంటూ చూసుకుంటానని ఇక్కడ పెట్టుకున్నా.”

అతను గ్లాసు కింద పెట్టి, “క్షమించండి,” అని వెళ్ళిపోయాడు. చిన్నోడు పక్కనే గుండీ కుడుతున్నాడు. చూస్తే తన కోటు చేతికే కలిపి కుట్టేసుకున్నాడు.

చచ్చిపోయిన కొడుకును అడ్డం పెట్టి బతికున్నవాణ్ణి దాస్తున్నాను. ఈ తల్లి బతుకు ఏ పురాణంలోనైనా ఉంటే రాయి. బొమ్మ మాత్రం వద్దు.

చెల్లెలు.

*

మూడో అంతస్తు గది నుంచి.

చెల్లెమ్మా,

నిన్ను కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు. బొమ్మ ప్రదర్శనకు వెళ్ళింది. నువ్వు చింపమని రాసేసరికే గోడకెక్కింది. నిన్న ప్రారంభోత్సవం. ఏం జరిగిందో వింటే నువ్వే మెచ్చుకుంటావు.

హాలు నిండా వీరులే. కండలు, కవచాలు, రెక్కల గుర్రాల మీద పైలెట్లు. మూలన నా బొమ్మ. కమిటీలో మిగతావాళ్ళు ఎంపిక చేశారు గాని, పాలిష్ కావాలనే మూలన పెట్టించాడు. అయినా జనం అక్కడే గుమిగూడారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. పత్రికలో నా ఉద్యోగం ఊడబెరికిన ఎడిటరు గూడా వచ్చి నిలబడ్డాడు. పాలిష్ ఓర్చుకోలేకపోయాడు. అందరికీ వినబడేలా, “మా మిత్రుడు పుస్తకాల్లోంచి గీస్తాడు. ఇలాంటి షెడ్డు గాని ఇలాంటి ముసలమ్మ గాని ఎక్కడా ఉండరు,” అన్నాడు.

నేను ఊరుకుంటానా? “కంటికి కనిపించనిది నేను గీయను, అది నీ అలవాటు,” అన్నాను. “ఇది మా చెల్లెలి షెడ్డు. నీ సైన్యానికే బట్టలు కుడుతుంది. ఆ టేబుల్ ఉంది, ఆ కిటికీలు ఉన్నాయి, మోకాళ్ళు పోయిన ఆ ఇస్త్రీ అవ్వ ఉంది. అనుమానముంటే వెళ్ళి చూసుకో!” హాలంతా నవ్వింది. పాలిష్ మొహం ఎర్రబడింది. నలభై ఏళ్ళుగా ఎదురు చూసిన నవ్వు అది.

అప్పుడు మేజరు ఒకాయన పక్కకొచ్చాడు. చాలా నెమ్మది మనిషి. నా బొమ్మను చాలాసేపు చూశాడు.

“అవ్వ నిజం, షెడ్డు నిజం,” అన్నాడు. “మరి ఈ మోసేవాడు?”

“వాడు పురాణం,” అన్నాను.

“వాడొక్కడేనా?” అని నవ్వాడు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ రాస్తున్నది వేరే. పొద్దున మళ్ళీ హాలుకు వెళ్ళాను, జనం ఏమంటున్నారో విందామని. మేజరు నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. బొమ్మ ముందు నిలబడి చిన్న కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, మీ చెల్లెలి షెడ్డు ఏ ఊళ్ళో అని అడిగాడు. చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? బట్టలు పంపే ప్రతి షెడ్డూ వాళ్ళ లెక్కల్లో ఉంటుంది.

చెల్లెమ్మా, వాణ్ణి పంపించెయ్. పంపడానికి చోటు లేదంటావు, నాకు తెలుసు. కనీసం ఇది విను. సైరన్ మోగితే అవ్వ వైపు చూడవద్దని చెప్పు. అందరి ఆడపిల్లల్లాగే పరిగెత్తమను. అవ్వను వదిలెయ్యమను. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాను, మూటలతో పని లేకుండా ఇప్పుడే బయల్దేరమని. ఈ ఉత్తరం వాళ్ళకన్నా ముందు రావాలి.

*

కుట్టు షెడ్డు నుంచి.

అన్నయ్యా,

నీ ఉత్తరం ముందే వచ్చింది. ఆ నింద డ్రైవరు మీద వేయకు.

నేలమాళిగలో కూర్చోబెట్టి చిన్నోడికి చదివి వినిపించాను. అంతా విన్నాడు. చాలాకాలానికి వాడి గొంతు విన్నాను. “మరి అవ్వను ఎవరు దింపుతారమ్మా?” అన్నాడు. పిల్లలు నలుగురు కలిసి కుర్చీతో సహా దింపుతారని చెప్పాను. అలాగే అలవాటు చేయించాను. అవ్వ కూడా ఒప్పుకుంది. “ఇన్నాళ్ళూ గుర్రం, ఇకమీదట పల్లకీ. నా వైభోగం పెరుగుతోంది,” అంది. ఆవిడకు అన్నీ తెలుసు, ఎప్పట్నుంచో.

వాళ్ళు వచ్చారు. నీ మేజరే. నువ్వు రాసినట్టే నెమ్మది మనిషి. సైన్యం తరఫున కుట్టుపనివాళ్ళకు బహుమానాలు తెచ్చానన్నాడు. చేతిలో సంచి. టేబుల్ మీద పరిచాడు. రిబ్బన్లు, దువ్వెనలు, చేతి అద్దాలు. తుపాకి మాత్రం తేలేదు. దానితో పని లేదని అతనికి నీ బొమ్మ చెప్పింది.

పిల్లలు దగ్గరికొచ్చి చూస్తుండగా సైరన్ మోగింది.

అద్దాలు ఎక్కడివక్కడ పడేసి అందరూ పరిగెత్తారు. కుర్చీ పట్టాల్సిన నలుగురూ కూడా పరిగెత్తారు. వాళ్ళను ఏమనను? పసిపిల్లలు. చిన్నోడు కూడా పరిగెత్తాడు. నేను చెప్పినట్టే, తల వంచుకుని, అందరి మధ్యలో. మెట్ల దాకా వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి దేవుణ్ణి కూడా పిలవలేదు, వాడి వీపునే చూస్తున్నాను. దిగు, దిగు, దిగు.

ఆగాడు.

అవ్వ ఒక్కతే ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతులు చాచలేదు. చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. “పోవే తల్లీ, పో! నాకేం కాదు. నా మీద కొత్తగా పడాల్సిన ముడతలేమీ లేవు,” అని అరుస్తోంది. నవ్వుతూ అరుస్తోంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

వాడు వెనక్కి వచ్చాడు. నా పక్కనుంచే వచ్చాడు. చెయ్యి పట్టుకున్నాను. మెల్లిగా విడిపించుకున్నాడు. అవ్వ వాణ్ణి రెండు చేతుల్తో కొట్టింది. కొడుతుంటేనే వీపున వేసుకున్నాడు.

మేజరు వాళ్ళ వెనకే మెట్లు దిగాడు. తలుపు తనే పట్టుకున్నాడు. అవ్వను బల్ల మీద కూర్చోబెడుతుంటే, “మెల్లిగా దించు బాబూ,” అన్నాడు.

విమానాలేవీ రాలేదు.

వాడు నీలం కోటు విప్పి మడత పెట్టి నాకిచ్చాడు. పెద్దోడి బూట్లు వేసుకెళ్తానన్నాడు. ఒక సైజు పెద్దవిరా అంటే, లోపల గుడ్డ పెట్టుకుంటాలే అన్నాడు. పాత కోటు ముక్కలు చింపి నేనే పెట్టిచ్చాను.

ఇప్పుడు సైరన్ మోగితే అవ్వ కిందికి రావడం లేదు. కుర్చీ ముట్టుకుంటే ఇస్త్రీపెట్టె చూపించి బెదిరిస్తోంది.

నీ బొమ్మలో ఒక్క తప్పు కూడా లేదన్నయ్యా. వాడు అచ్చం అలాగే వెళ్ళి ఎత్తుకున్నాడు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

*

మూడో అంతస్తు గది నుంచి,
చలి మొదలైంది.

చెల్లెమ్మకు,

రాయొద్దన్నావు. ఇంతకుముందు రాసినవన్నీ డ్రైవరు విప్పకుండానే తిరిగి తెచ్చిచ్చాడు. ఇదీ తెస్తాడేమో. అయినా రాస్తున్నాను.

నా కిటికీ ఎదురు గోడ మీద కొత్త పోస్టరు అంటించారు. పొద్దున లేవగానే అదే కనిపిస్తుంది. నా బొమ్మే. అవ్వను తీసేశారు. వీపు మీద గాయపడ్డ సైనికుణ్ణి పెట్టారు. నేలమీది తుపాకి తీసి చేతికిచ్చారు. పైన పెద్ద అక్షరాలతో ‘మోయగలవాడే వీరుడు’. కింద నా పేరు. ఇంత పెద్దగా నా పేరు ఎవరూ ఎప్పుడూ అచ్చు వేయలేదు. పాలిష్ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు అభినందించడానికి. రొప్పుతూ, “చివరికి నువ్వూ మాలో ఒకడివయ్యావురా,” అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. కుర్చీ చూపించాను. కూర్చుని టీ తాగి వెళ్ళాడు.

ముఖానికి అడ్డున్న అవ్వ చెయ్యి బొమ్మలోంచి పోయింది కనుక ఆ కుర్రాడికి ముఖం పెట్టాల్సి వచ్చింది వాళ్ళకు. ఎవరిదో ముఖం పెట్టారు. నున్నగా, నవ్వుతూ. నేను వాడి అసలు ముఖం గీద్దామని కూర్చున్నాను, అదొక్కటైనా సరిగ్గా ఉండాలని. రావడం లేదు. వీపు వస్తోంది, భుజాలు వస్తున్నాయి. ముఖం మాత్రం రావడం లేదు. నేను వాణ్ణి ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

వీధిలో కుర్రాళ్ళు ఆ పోస్టరు ముందు ఆగుతున్నారు. ఒకడు స్నేహితుణ్ణి వీపున ఎక్కించుకుని అదే భంగిమలో నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కిటికీ మూసేశాను.

నన్ను క్షమించమని అడగను. నువ్వు నా మీద ఎంత కోపంగానైనా ఉండు. ఒక్కటి మాత్రం చెయ్యి. మీ వీధిలో జీపు ఆగి, యూనిఫారం వేసుకున్నవాడు ఎవడైనా చేతిలో బూట్ల జతతో దిగితే, తలుపు తియ్యకు. ఎంతసేపు కొట్టినా తియ్యకు. తీసినా, ఆ బూట్ల లోపల గుడ్డ ముక్కలు ఉన్నాయేమో మాత్రం చూడకు.

అన్నయ్య.